కిల్టు కట్టిన పెద్దనాయన

పెబ్బేరులో బస్సు దిగేసరికి సంత జోరు మీదుంది. ఎద్దులను తప్పించుకుంటూ రోడ్డు దాటుతుంటే హోటలు ముందు మా ఊరి సంఘపెద్ద కనిపించాడు. సంఘపెద్ద అంటే మా చర్చికి పెద్ద. నెలకోసారి వనపర్తి నుంచి పాస్టరు అయ్యగారు వచ్చే ఆదివారం తప్పిస్తే మిగిలిన ఆదివారాలన్నీ ఈయన చేతి మీదుగానే నడుస్తాయి. నన్ను చూసి టీ గ్లాసుతోనే దగ్గరికొచ్చి, మీ పెద్దనాయన పోయి మూడు రోజులైందని చెప్పాడు. నేను ఉప్పునుంతలలో పంతులమ్మను. అమ్మ బడికి ఫోను చేయించిందట. సెలవులు కాబట్టి ఎత్తేవాళ్లు లేరు.

నేను బ్యాగు కింద పెట్టేశాను. ఆయన టీ తాగడం ఆపలేదు.

"ఏం పరేషాన్ గాకు. అన్ని మంచిగ జేసినం. ప్యాంటు, తెల్లంగి ఏసి మనిషి లెక్క సాగనంపినం," అన్నాడు.

మనిషి లెక్క. ఆ రెండు మాటల దగ్గర మొదలైన కోపం ఇది రాస్తున్నప్పుడు కూడా నా చేతిలోనే ఉంది.

పెద్దనాయన అంటే మా నాన్నకు సొంత అన్న కాదు. మా వాడలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. ఆయన పేరు రాయను. బతికినన్నాళ్లు ఊరు ఆయన్ని పేరుతో పిలవలేదు. లంగాయన అన్నది. ఇప్పుడు ఆ పేరు తీసుకెళ్లి ఊరి నోట్లో పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆయన తండ్రి డప్పు కొట్టేవాడు. ఆయన మాత్రం పడుచుతనంలోనే సికింద్రాబాదు వెళ్లి, పెళ్లి ఊరేగింపుల్లో వాయించే ఒక పైపు బ్యాండులో చేరాడు. పట్టాళంలో పైపు ఊది పింఛను తీసుకున్న ముసలి మాస్టరు ఒకడు ఆయనకు ఆ విద్య నేర్పాడు. సంకలో తోలుతిత్తి, దానికి ఐదు గొట్టాలు. ఒకటి నోట్లో, ఒకటి వేళ్ల కింద, తక్కినవి భుజం మీద. ఆ బ్యాండు వాళ్లు కట్టేదే కిల్టు, తెల్లదొరల దేశంలో మగవాళ్లు కట్టే లంగాలాంటి బట్ట. మాస్టరు పోతూ పోతూ తన కిల్టూ పైపూ ఈయనకే ఇచ్చాడు. బ్యాండు మూతపడ్డాక ఆ రెంటితో ఊరికి తిరిగొచ్చాడు. ఆయన పట్నం బతుకు గురించి నాకు తెలిసింది ఇంతే. ఎక్కువ చెప్పే మనిషి కాదు.

కిల్టు గురించి మాత్రం నాకు బాగా తెలుసు. ఎరుపు, ఆకుపచ్చ గళ్ల ఉన్ని బట్ట. ముందు సాపుగా ఉంటుంది, వెనకంతా కుచ్చిళ్లు. నడుము నుంచి మోకాళ్ల దాకా. మా ఎండలకు అది కంబళి చుట్టుకున్నట్టే. శనివారం పొద్దుగూకే ముందు ఆయన అరుగు మీద దాన్ని బోర్లా పరిచేవాడు. ఒక్కో కుచ్చిలి సరిచేసి, కిందంచున పొడుగు కుట్లు వేసి కదలకుండా పట్టించేవాడు. తడిగుడ్డ పరిచి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో నొక్కేవాడు. ఆదివారం పొద్దున ఆ దారం ఒక్క లాగుతో తీసేసేవాడు. ఆ దారం లాగే పని కోసం చిన్నప్పుడు మేం పోటీ పడేవాళ్లం. వాడలో ఏ ఆడమనిషీ తన చీరను అంత శ్రద్ధగా చూసుకోలేదు.

కిల్టు కట్టినవాడు ఎలా కూర్చోవాలో కూడా మాస్టరే నేర్పాడట. చర్చిలో చాప మీద కూర్చునే ముందు అరచేత్తో వెనక కుచ్చిళ్లను కిందికి తుడుచుకుంటూ ఒక్కసారే దిగేవాడు. కాళ్లు ఒక పక్కకు మడిచి, మోకాళ్లు దగ్గరగా పెట్టి, ఆరాధన అయ్యేదాకా కదిలేవాడు కాదు. ఆయన పక్కనే పంచెలు తొడల మీదికి ఎగ్గట్టుకుని, గోడకు ఆనుకుని, మోకాళ్లు నిలబెట్టి కూర్చునే ముసలాళ్లుండేవారు. వాళ్ల వైపు చూడలేక మేం ఆడవాళ్లం వాక్యం వింటున్నంత సేపూ పైకప్పు చూసేవాళ్లం. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. ఇది గుర్తుపెట్టుకోమని అడుగుతున్నాను.

కింద ఏమేసుకుంటావని అందరూ అడిగేవారు. పొలానికి పోయేవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, కల్లు తాగొచ్చినవాళ్లు. పిల్లలడిగితే "కింద కాళ్లున్నయిరా" అనేవాడు. పెద్దవాళ్లడిగితే ఒకటే జవాబు. "నేనున్న."

నిజానికి పెద్దమ్మ, అంటే ఆయన భార్య, మోకాళ్ల పైదాకా వచ్చే పట్టాపట్టీల చెడ్డీ కుట్టి ఇచ్చేది. నాడా రెండు చుట్లు తిప్పి ముడేసుకునేవాడు. ఆ చెడ్డీలు వాళ్ల దండెం మీద ఆరుతుండేవి, వాడంతటికీ కనపడుతూ. అడిగేవాళ్లకు తెలియక కాదు.

ఆయనకు కోపమొస్తే గొంతు పెరిగేది కాదు. మర్యాద పెరిగేది. అవతలివాడు ఎంత చిన్నవాడైనా సరే, ఒక్కసారిగా మీరు అనేవాడు. ఒకసారి పటేలు ఇంట్లో ముసలాయన చచ్చిపోతే డప్పుకు రమ్మని జీతగాణ్ణి పంపారు. మీ నాయన కొట్టిండు గద, నువ్వు రావా అని వాడు గడపలోనే నిలబడి అడిగాడు. పెద్దనాయన మీసం మీద చెయ్యేసుకుని, "మీరు ఇంకెవలనన్న చూసుకోండ్రి. నేను ఆదివారం పూట దేవునికి ఊదుత. ఇంకెవలకు ఊద," అన్నాడు. ఆ మాటకు ఆ ఏడు ఆయన్ని ఊళ్లో ఎవరూ కూలికి పిలవలేదు. పెద్దమ్మ ఒక్కతే వనపర్తి దాకా పోయి ఇటుకలు మోసింది. ఆయన ఆదివారం పూట ఊదుతూనే ఉన్నాడు.

ఆ ఊదడం ఎలా ఉండేదో చెప్పడం నాకు చేతకాదు. మొదట తిత్తి నిండేదాకా ఏదో మూలుగు. తర్వాత పాట లేచేది. రోజూ పాడే కీర్తనే, కానీ కొండ మీంచి వినపడ్డట్టుండేది. గద్వాల రోడ్డు మీద పోయే లారీవాళ్లు ఆపి వినేవారు.

ఇక మట్టలాదివారం సంగతి.

ఈస్టరుకు ముందు వచ్చే ఆ ఆదివారం మేమంతా ఈతమట్టలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ ఊరి వీధుల్లో తిరిగి చర్చికి చేరుతాం. ముందు పెద్దనాయన పైపు ఊదుతూ నడిచేవాడు. వెనక సంఘపెద్ద, ఆయన వెనక మగవాళ్లు, ఆ వెనక మేం. నేనప్పుడు వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. ఊరి నడుమ హోటలు ముందు బల్లల మీద పటేలు కొడుకూ అతని దోస్తులూ కూర్చుని ఉన్నారు. మేం అక్కడికి రాగానే పటేలు కొడుకు లేచి, ఎద్దులను అదిలించే చర్నాకోల కర్రతో వెనక నుంచి కిల్టు అంచు ఎత్తాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. పైపు ఊదేవాడికి రెండు చేతులూ గొట్టం మీదే ఉంటాయి. వేళ్లు తీస్తే పాట ఆగిపోతుంది. తిత్తి సంకలో నొక్కి పట్టుకోవాలి. బట్ట సర్దుకోవడానికి మనిషికి మూడో చెయ్యి లేదు. అతను నడుము దాకా ఎత్తాడు. పట్టాపట్టీల చెడ్డీ వీధంతా చూసింది. హోటలంతా నవ్వింది. పెద్దనాయన ఊదుతూనే నడిచాడు. అతను కర్రతో పక్కనే నడిచాడు, హోటలు నుంచి బావి మలుపు దాకా, పట్టుకున్న అంచు వదలకుండా.

మేం నలభై మందిమి ఉన్నాం. ఒక్కరం ఆగలేదు. సంఘపెద్ద ఆయనకు రెండడుగుల వెనకే ఉన్నాడు. చెయ్యి చాస్తే కర్ర అందేది. ఆయన మట్ట పైకెత్తి, తలెత్తి, ఇంకా గట్టిగా పాడాడు. నేనూ పాడాను. నా పక్కనున్న పిల్లకు నవ్వొచ్చి మట్ట అడ్డం పెట్టుకుంది. దాన్ని చూసి నాకూ నవ్వొచ్చింది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

చర్చి గుమ్మం దాకా పాట తప్పకుండా ఊదాడాయన. పైపు దించాక ముఖం చూస్తే కళ్లు రక్తపు చుక్కల్లా ఉన్నాయి. ఆరాధనకు కూర్చోకుండా ఇంటికి పోయాడు. సాయంత్రం అమ్మ ఆయనకు అన్నం తీసుకెళ్తే నేనూ వెంట వెళ్లాను. అన్నం గిన్నె అందుకుని పక్కన పెట్టాడు. తర్వాత అమ్మతో అన్నాడు: "మా మాస్టరు చెప్పెటోడు. తెల్లదొరల దేశంల దీని కింద ఏం ఏసుకోకున్నా ఎవడు అడగడంట. మన తాన ఏసుకున్నా లేపి చూస్తరు."

మరుసటి వారం కమిటీ కూర్చుంది. పటేలు కొడుకు మీద ఏం చేయాలో మాట్లాడతారనుకున్నాను. కిల్టు గురించి మాట్లాడారు. నన్ను పిలిచి ఒక తెల్లకాగితం ఇచ్చి రాయమన్నాడు సంఘపెద్ద. నేను స్త్రీల సమాజానికి కార్యదర్శిని. వాడలో డిగ్రీ చదివే పిల్లను కాబట్టి ఆ పదవి నాకిచ్చారు. ఆయన చెప్తుంటే రాశాను. పురుషులకు తగని వస్త్రధారణ వలన ఆరాధనలో స్త్రీలకు ఇబ్బంది కలుగుచున్నదని, ఇకపై సోదరుడు ప్యాంటు గాని పంచె గాని ధరించి రావలసినదని. కింద 'స్త్రీల సమాజం' అని రాసి నా సంతకం పెట్టాను.

సగం రాశాక ఒకసారి చెయ్యి ఆగింది. సమాజంలో ఎవరినీ అడగలేదు కదా అన్నాను. సంఘపెద్ద నన్ను కోప్పడలేదు. మెల్లగానే చెప్పాడు. ఆయనది సర్కారు నౌకరీ. డప్పు వదిలేసి మూడు తరాల్లో మొదటిసారి ప్యాంటు తొడిగిన మనిషి. "పిల్లలను సదివిచ్చుకుంటున్నం బిడ్డా. డప్పు ఇడిసినం, సావుకూడు ఇడిసినం. ఇంత జేసి మల్ల ఊళ్లె బ్యాండోళ్లు అనిపిచ్చుకోవాల్నా?" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. నా భయం కూడా అదే. వనపర్తి హాస్టల్లో మా ఊరి చర్చి గురించి ఎవరైనా అడిగితే నేను కిల్టు సంగతి దాచిపెట్టేదాన్ని. అందుకే రాశాను. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు.

తర్వాతి ఆదివారం పెద్దనాయన కిల్టు కట్టుకునే వచ్చాడు. పైపు తేలేదు. సంఘపెద్ద గుమ్మంలో నిలబడి ఉత్తరం చదివి వినిపించాడు. ఆయన మొత్తం విన్నాడు. కాగితం చేతిలోకి తీసుకుని చూశాడు. లోపలికి, ఆడవాళ్ల చాపల వైపు చూశాడు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం మా ఇంటికొచ్చాడు. ఆయన పింఛను దరఖాస్తులన్నీ నేనే రాసేదాన్ని. నా రాత ఆయనకు కొత్త కాదు. మంచం మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇది మీరు రాసిన్రా?" అన్నాడు.

మీరు. పుట్టినప్పటి నుంచి నన్ను 'ఏమే' అని పిలిచిన మనిషి.

అవునన్నాను.

"మీకు ఇబ్బందైందా?"

"లేదు."

"మరి ఎవలకైంది?"

నాకు తెల్వదన్నాను. సంఘపెద్ద రాయమన్నాడన్నాను. ఆయన తలూపాడు. కాగితాన్ని దాని మడతల్లోనే మడిచి, జాగ్రత్తగా మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంతా విన్నది. "సమాజమంటే నేను గూడ ఉన్న గద. నన్నెప్పుడు అడిగినవ్?" అన్నది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆయన మళ్లీ చర్చి గుమ్మం తొక్కలేదు. కానీ శనివారం ఇస్త్రీ ఆపలేదు. ఆదివారం పొద్దున స్నానం చేసి, కిల్టు కట్టి, తెల్లచొక్కా వేసి, చర్చికి పోయే దారి పక్కన తన అరుగు మీద ఆరాధన ముగిసేదాకా కూర్చునేవాడు. సంఘం మొత్తం ఆయన ముందు నుంచే పోవాలి, ఆయన ముందు నుంచే తిరిగి రావాలి. ఎవరినీ పలకరించేవాడు కాదు. అయ్యగారు ఒకసారి ఆగి బతిమాలితే, "నన్ను బయిటికి తోలింది మీరు గాదు. మీరెందుకు పిలుస్తరు?" అన్నాడట. పైపు ముట్టుకోలేదు. తిత్తి ఎండి, పగిలి, దాంట్లో ఎలుకలు చేరాయని పెద్దమ్మ చెప్పింది. ఏడేళ్లు అలా కూర్చున్నాడు. ఆ ఏడేళ్లూ నన్ను మీరు అనే పిలిచాడు. నాకు ఉద్యోగం వచ్చిందని మిఠాయి పట్టుకుపోతే తీసుకున్నాడు. "మంచిది. మీరు సల్లగుండాలె," అన్నాడు. ఆ మర్యాద కంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

సంతలోంచి నేను నేరుగా పెద్దమ్మ దగ్గరికే వెళ్లాను. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి ఏడవలేదు. ఏడవడం మూడు రోజుల్లో అయిపోయిందన్నది. కిల్టు తొడగమని ఎంత చెప్పినా వినలేదట వాళ్లు. చర్చి మట్టిలో పెట్టాలంటే చర్చి పద్ధతి ప్రకారం రావాలన్నారట. మట్టి వాళ్ల చేతిలో ఉంది కాబట్టి ఆమె ఊరుకుంది. వాకిట్లో దుప్పటి అడ్డం కట్టి సంఘంలోని ఇద్దరు మగవాళ్లే స్నానం చేయించారు. సంఘపెద్ద తన పాత ప్యాంటు ఒకటి పంపించాడట.

"గది ఈయన నడుముకు ఏడ సాల్తది? మనిషి బిగుసుకపాయె. కాళ్లు మడత వడవాయె," అన్నది పెద్దమ్మ, గింజలు తీస్తూనే. "వెనక నిలువుగ కోసిన్రు బిడ్డా. పైనుంచి కింది దాంక. ముందట ప్యాంటు లెక్క పరిసి, అంచులు ఒంటి కిందికి దోపిన్రు. చెడ్డీ ఇస్త, గదన్న ఏయుండ్రి అంటే, ఇప్పుడెవలు జూస్తరు అన్నరు. వెనకంత ఖాళీనే. గట్లనే పెట్టెల వెట్టిన్రు."

ఆయన కిల్టు కింద ఏముందని ఇన్నేళ్లు అడిగినవాళ్లు, ఆయన్ని గుమ్మంలో ఆపినవాళ్లు, మనిషిని సగం బట్టలో మట్టి చేసి, దాన్ని పెబ్బేరు రోడ్డు మీద నిలబడి నాకు గొప్పగా చెప్పారు. పెద్దమ్మ లోపలికి పోయి కిల్టు తెచ్చి చూపించింది. పోయిన శనివారం ఆయన వేసిన కుట్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఆదివారం జ్వరంతో లేవలేకపోయాడట. ఆ దారం లాగడానికి నాకు చెయ్యి రాలేదు.

మర్నాడు ఆదివారం. అమ్మతో పాటు చర్చికి వెళ్లాను. ప్రకటనల సమయంలో సంఘపెద్ద లేచి, మన సోదరుడు ప్రభువు నందు నిద్రించాడని, సంఘం ఆయన్ని గౌరవంగా సాగనంపిందని చెప్పాడు. నేను లేచి నిలబడ్డాను. ఏడేళ్ల కింద ఆడవాళ్ల పేరు మీద వచ్చిన ఉత్తరం నేను రాసిందేనని చెప్పాను. ఒక్క ఆడమనిషిని కూడా అడగకుండా రాశానని, ఇబ్బంది ఎవరికీ కాలేదని, నాకూ కాలేదని చెప్పాను. కర్ర పట్టుకున్నవాణ్ణి వదిలేసి, ఎత్తిన బట్టను తప్పు పట్టామని చెప్పాను. ఆ ప్యాంటును వెనక ఎందుకు కోశారో, లోపల ఏమేసి పంపారో సంఘానికి చెప్పమని సంఘపెద్దను అడిగాను.

స్నానం చేయించిన ఇద్దరూ నేల చూస్తున్నారు. ఆడవాళ్ల చాపల మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్యాంటు సంగతి వాళ్లెవరికీ తెలియదు.

సంఘపెద్ద కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కూసో బిడ్డా. గిది మాట్లాడే జాగ గాదు," అన్నాడు.

నా పక్కన చాప మీద కూర్చున్న అమ్మ కొంగు సర్దుకుంది. లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మరి ఏ జాగనో నువ్వే చెప్పు పెద్దాయన. ఆడవోళ్లమందరం ఆడికే వస్తం," అన్నది.